"యూదుల సంప్రదాయం ప్రకారం" అని ప్రసంగాల్లో చెప్పేవి అసలు ఎక్కడివి?

శారోను_పుష్పం
వచ్చే నెల మా స్త్రీల కూడికలో లేవీయకాండం 16 నేను చెప్పాలి, ప్రాయశ్చిత్త దినం గురించి. ప్రిపేర్ అవుతూ ఒక చోట ఆగిపోయాను. ప్రధాన యాజకుడు ఆలయం లోపలి అతి పరిశుద్ధ స్థలంలోకి వెళ్లేటప్పుడు కాలికి తాడు కట్టేవాళ్లని, అంగీకి ఉన్న గంటల చప్పుడు ఆగిపోతే లోపల చనిపోయాడని అర్థం చేసుకుని బయటి నుంచి లాగేసేవాళ్లని చిన్నప్పటి నుంచీ వింటున్నాం కదా, అది బైబిల్లో ఎక్కడా లేదు. అడిగితే "యూదుల మౌఖిక సంప్రదాయంలో ఉంది సిస్టర్" అంటున్నారు. ఏ పుస్తకంలో అంటే మాత్రం జవాబు లేదు. ఈ మధ్య ప్రతి ప్రసంగంలోనూ "హీబ్రూలో అయితే", "రబ్బీలు ఏమంటారంటే" అనడం బాగా ఎక్కువైంది, నిజంగా విసుగొస్తోంది. ఈ మౌఖిక సంప్రదాయం అనేది రాతలో ఉందా? మనలాంటి మామూలు విశ్వాసులు తెరిచి చూసుకునే వీలుందా?

కాకినాడ_జాన్
తాడు కథ మా దగ్గర ప్రతి గుడ్ ఫ్రైడేకీ వస్తుంది అక్కా. ప్రభువు చనిపోగానే ఆలయం తెర చినిగింది అనగానే వెనకాలే తాడు.

నల్గొండ_సేవకుడు
నేనూ చెప్పాను, చాలాసార్లు. దేవుని పరిశుద్ధత ఎంత భయంకరమైనదో జనానికి ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. అహరోను కొడుకులు నాదాబు, అబీహు చనిపోయిన సంగతి లేవీయకాండం 10లో ఉండనే ఉంది, 16వ అధ్యాయం మొదలయ్యేదే వాళ్ల చావుతో. భయం నిజమే అయినప్పుడు తాడు ఉందా లేదా అని అంత పట్టుబట్టాలా?

మిష్నా_చదువరి
సిస్టర్, రాతలో ఉంది, తెరిచి చూసుకోవచ్చు కూడా. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని కూల్చేశారు. అప్పటిదాకా, ఆ తర్వాత కూడా, ధర్మశాస్త్రాన్ని ఎలా పాటించాలి అనే వివరాలు గురువు నోటి నుంచి శిష్యుడి నోటికి వెళ్లేవి. సుమారు 200లో గలిలయలో రబ్బీ యూదా హనాసీ అనే ఆయన వాటిని ఒక క్రమంలో పెట్టారు, అదే మిష్నా. 6 భాగాలు, 63 గ్రంథాలు. దాని మీద జరిగిన చర్చలు పాలస్తీనాలో సుమారు 400 నాటికి ఒక తల్మూదుగా, బబులోనులో సుమారు 500-600 మధ్య ఇంకొక తల్మూదుగా కుదురుకున్నాయి. కాబట్టి ఎవరైనా "యూదుల సంప్రదాయం" అంటే మనం అడగాల్సింది ఏ పుస్తకం, ఏ శతాబ్దం అని.

ఇక తాడు సంగతి. మిష్నాలో ప్రాయశ్చిత్త దినానికే యోమా అని ఒక పూర్తి గ్రంథం ఉంది. యాజకుణ్ణి 7 రోజుల ముందే ఇంటి నుంచి ఆలయంలోని ఒక గదికి మార్చడం దగ్గర నుంచి మొదలవుతుంది. ప్రాయశ్చిత్త దినపు రాత్రి ఆయన నిద్రపోకూడదు. పండితుడైతే ఆయనే బోధిస్తాడు, కాకపోతే ఎదురుగా కూర్చుని యోబు, ఎజ్రా, దినవృత్తాంతములు చదివి వినిపిస్తారు. కునికితే కుర్ర యాజకులు ఆయన ముందు వేళ్లతో చిటికెలు వేసి "అయ్యా ప్రధాన యాజకుడా, లేవండి, ఈ చల్లటి రాతి నేల మీద నిలబడి నిద్ర వదిలించుకోండి" అనేవాళ్లు. ఆ రోజు 5 సార్లు స్నానం, 10 సార్లు చేతులూ కాళ్లూ కడుక్కోవడం. చిటికెలతో సహా చెప్పిన ఆ పుస్తకంలో తాడు మాటే లేదు. తల్మూదులోనూ లేదు. ఆలయం నిలిచి ఉండగా పుట్టిన యాజక కుటుంబీకుడు, చరిత్రకారుడు జోసీఫస్ కూడా రాయలేదు. యాజకుడి కాలికి తాడు అన్న మాట కనిపించేది జోహర్ అనే మార్మిక గ్రంథంలో, అది 13వ శతాబ్దం చివర్లో స్పెయిన్‌లో బయటికొచ్చింది. ఆలయం పోయాక 1200 ఏళ్లకు.

బెరయ_బిడ్డ
గంటల సంగతి కూడా చెప్పండి, దానికి జోహర్ దాకా పోనక్కర్లేదు. నిర్గమకాండం 28లో గంటలు, దానిమ్మపండ్లు ఉండేది ఏఫోదు అనే యాజక వస్త్రం కింద వేసుకునే నిలువుటంగీకి. లేవీయకాండం 16:4 ప్రకారం ఆ రోజు తెర లోపలికి వెళ్లేటప్పుడు వేసుకునేది ఉత్త నార బట్టలు. బంగారు వస్త్రాలు పక్కన పెట్టి వెళ్తాడు. ఇక గంటలు ఎక్కడ మోగుతాయి?

శారోను_పుష్పం
ఇది నాకు ఎవరూ చెప్పలేదు బ్రదర్. నాలుగో వచనం చదువుతూనే ఉన్నాం కదా ఇన్నేళ్లుగా!

కాకినాడ_జాన్
మరి నిజంగా లోపల చనిపోతే ఎవరు తెస్తారు? తాడు లేకపోతే శవం అక్కడే ఉండిపోవాలా?

మిష్నా_చదువరి
మంచి ప్రశ్న, తల్మూదులో దీనికి నేరుగా జవాబు ఉంది. ఎరువీన్ 105లో: కట్టడానికి, మరమ్మతు చెయ్యడానికి, అపవిత్రమైనదాన్ని బయటికి తియ్యడానికి లోపలికి వెళ్లొచ్చు. యాజకులు ఉంటే యాజకులే వెళ్లాలి, లేకపోతే లేవీయులు. మిద్దోత్ అనే ఇంకో గ్రంథంలో ఇంకా బాగుంటుంది, పై అంతస్తు నేలలో రంధ్రాలు ఉండేవట, పనివాళ్లను పెట్టెల్లో కూర్చోబెట్టి వాటిలోంచి అతి పరిశుద్ధ స్థలంలోకి దింపేవాళ్లు, చుట్టూ చూసి కళ్లు నింపుకోకుండా. దారి ఉన్నప్పుడు తాడుతో పనేముంది. పైగా యోమా 5వ అధ్యాయంలో ఒకటి కాదు రెండు తెరలు, మధ్యలో ఒక మూర సందు, యాజకుడు ఆ సందులో నడిచి చివరికి వెళ్లి లోపలికి తిరుగుతాడు. అలాంటి వంకర దారిలోంచి మనిషిని ఎలా లాగుతారు?

నల్గొండ_సేవకుడు గారికి, భయం గురించి మీరన్నది నాకూ ఇష్టమే. అదే అధ్యాయంలో ఉంది, యాజకుడు ధూపం వేసి బయటికొచ్చాక పరిశుద్ధ స్థలంలో చిన్న ప్రార్థన మాత్రమే చేసేవాడు, ఎక్కువసేపు చేస్తే బయట జనం కంగారుపడతారని. 7వ అధ్యాయంలో అయితే, రోజు ముగిశాక క్షేమంగా బయటపడ్డందుకు స్నేహితులకు విందు చేసేవాడు. నన్నడిగితే తాడు కంటే ఈ విందే ఎక్కువ చెప్తుంది.

నల్గొండ_సేవకుడు
విందు బాగుంది, నోట్ చేసుకున్నాను. అయినా ఒక మాట. మా సంఘంలో సగం మంది పొలం పనుల నుంచి నేరుగా వచ్చి కూర్చుంటారు. వాళ్లకు 13వ శతాబ్దం, స్పెయిన్ అని చెప్తే ఏం ఉపయోగం?

డాలస్_సుధ
శతాబ్దం చెప్పక్కర్లేదు బ్రదర్, జరగనిది జరిగిందని చెప్పకుండా ఉంటే చాలు. మా అమ్మమ్మ కూడా పొలం పనికి వెళ్లొచ్చి కూర్చున్న మనిషే, ప్రసంగంలో విన్న ప్రతి మాటా వాక్యమే అనుకుని మాకు చెప్పేది. వాళ్లు మనల్ని నమ్ముతారు కాబట్టే మనం ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

బెరయ_బిడ్డ
నా అభ్యంతరం వేరే. తాడు అబద్ధమని తేలింది, సంతోషం. కానీ దాన్ని సరిచెయ్యడానికి మళ్లీ మిష్నానే ఎందుకు? మార్కు 7లో ప్రభువు "పెద్దల పారంపర్యాచారము" గురించి ఎంత గట్టిగా మాట్లాడాడో చూడండి. లేఖనం చాలు అని నమ్మేవాళ్లం కదా.

ఎజ్రా_అల్మరా
అదే మార్కు 7లో కొర్బాను గురించి ఉంది. తల్లిదండ్రులకు ఇవ్వాల్సింది దేవునికి మొక్కేశాను అని ఎలా తప్పించుకుంటారో, మొక్కుబడి ఏ మాటలతో కట్టుబడుతుందో మిష్నాలో నెదరీమ్ అనే గ్రంథం నిండా ఉంది. ప్రభువు దేన్ని ఖండిస్తున్నాడో తెలియాలన్నా ఆ ఆచారం తెలియాలి.

ఇంకొకటి, 2 తిమోతి 3:8 తియ్యండి. మోషేను ఎదిరించిన మంత్రగాళ్లు యన్నే, యంబ్రే అని పౌలు పేర్లు పెట్టి రాశాడు. నిర్గమకాండంలో ఆ పేర్లు ఎక్కడున్నాయి? లేవు. యూదుల్లో నోటి మాటగా నడిచిన పేర్లు అవి, మృతసముద్రం దగ్గర దొరికిన రాతల్లో కూడా వాటిలో మొదటి పేరు, "అతని తమ్ముడు" అని కనిపిస్తాయి. యూదా పత్రిక 9లో మోషే శరీరం గురించి మిఖాయేలు, అపవాది వాదించుకోవడం కూడా పాత నిబంధనలో లేదు. అపొస్తలులు వినే వాడారు.

బెరయ_బిడ్డ
వాళ్లు ఆత్మ నడిపింపుతో వాడారు. మనం యూట్యూబ్ నడిపింపుతో వాడుతున్నాం. తేడా ఉంది.

ఎజ్రా_అల్మరా
దీనికి మాత్రం నా ఆమేన్ తీసుకోండి బ్రదర్ :)

సండేస్కూల్_మేరీ
పేర్లు అన్నారు కాబట్టి అడుగుతున్నా. బైబిల్ క్విజ్‌లో నోవహు భార్య పేరు, దావీదు తల్లి పేరు అడుగుతున్నారు. పిల్లలు ఇంటికెళ్లి ఫోన్లో చూసి నయమా, నిసెవెత్ అని రాసుకొస్తున్నారు. ఒప్పుకోవాలా, కొట్టెయ్యాలా? పోయిన వేసవి వీబీఎస్‌లో (సెలవుల బైబిల్ బడిలో) దీని మీద పెద్ద గొడవ, ఒక తల్లి మార్కు కోసం నాతో మాట్లాడటం మానేసింది.

మిష్నా_చదువరి
బైబిల్ క్విజ్ అయితే ఆ ప్రశ్నే అడగకూడదు మేరీ గారూ. దావీదు తల్లి నిసెవెత్, అబ్రాహాము తల్లి అమత్లాయి, ఈ రెండూ బబులోను తల్మూదులో బావా బత్రా 91లో ఒకే చోట వరసగా వస్తాయి, సమ్సోను తల్లి పేరుతో సహా. నోవహు భార్య నయమా అన్నది ఆదికాండం మీద మిద్రాషులో (రబ్బీల వ్యాఖ్యానంలో) ఒక రబ్బీ అన్న మాట. ఆదికాండం 4:22లో తూబల్కయీను చెల్లెలుగా నయమా ఉంది కదా, ఆమే నోవహు భార్య అని ఆయన వాదన. అక్కడే మిగతా రబ్బీలు కాదు, ఆ నయమా వేరే అన్నారు. ఒకే పేజీలో రెండు పక్షాలూ రాసి ఉంచారు. మన దగ్గరికి వచ్చేసరికి ఒక పక్షమే వచ్చి అది జవాబు అయిపోయింది.

కాకినాడ_జాన్
సూది బెజ్జం సంగతి కూడా తేల్చెయ్యండి. ధనవంతుడు దేవుని రాజ్యంలోకి వెళ్లడం కంటే ఒంటె సూది బెజ్జంలో దూరడం సులభం అని ప్రభువు అన్నాడు కదా. యెరూషలేములో సూది బెజ్జం అనే చిన్న గుమ్మం ఉండేదని, ఒంటె సామాను దించేసి మోకాళ్ల మీద పాక్కుంటూ పోయేదని. ఆ పాయింటు మీద నేనే యవ్వనస్తుల కూడికలో విన్న ప్రసంగాలు లెక్కలేనన్ని.

ఎజ్రా_అల్మరా
అలాంటి గుమ్మం తవ్వకాల్లో లేదు, పాత యూదు రాతల్లోనూ లేదు, మధ్యయుగపు వ్యాఖ్యానాల్లో మొదలైన మాట. తల్మూదులో ఉన్నది ఏనుగు. కలలో ఎవరికీ బంగారు ఖర్జూరపు చెట్టు గానీ సూది బెజ్జంలోంచి దూరే ఏనుగు గానీ కనిపించవు అని ఒక చోట. ఇంకో చోట అతితెలివి వాదన చేసినవాణ్ణి "నువ్వు పుంబెదిత ఊరివాడివా, ఏనుగును సూది బెజ్జంలోంచి తోసేది వాళ్లే కదా" అని దెప్పుతారు. బబులోనులో ఉన్నవాళ్లకు పెద్ద జంతువు ఏనుగు, గలిలయలో ఒంటె. అసాధ్యం అని చెప్పడానికే ఆ మాట. గుమ్మం పెడితే అసాధ్యం కాస్తా కష్టం అయిపోతుంది, తర్వాత వచనంలో శిష్యులు "అలాగైతే ఎవడు రక్షణ పొందగలడు" అని బెంబేలెత్తడానికి కారణమే ఉండదు.

నల్గొండ_సేవకుడు
ఇది ఒప్పుకుంటాను. గుమ్మం కథ నాకు మొదటి నుంచీ డబ్బున్నవాళ్లకు సందు వదిలినట్టే అనిపించేది.

గుంటూరు_రూతు
యెరూషలేము పక్కనున్న హిన్నోము లోయ, నరకానికి గెహెన్నా అన్న పేరు వచ్చిన చోటు, దాని గురించి కూడా ఇదే గొడవ. నరకం గురించి చెప్పేటప్పుడు "యెరూషలేము చెత్తంతా అక్కడ పోసి రాత్రింబవళ్లు తగలబెట్టేవాళ్లు" అంటారు. 2 రాజులు 23లో యోషీయా రాజు ఆ లోయలో పిల్లల్ని అగ్నిలో దాటించే తోఫెతు అనే చోటును అపవిత్రం చెయ్యడం, యిర్మీయా 7, 19 అధ్యాయాలు, అవి చాలవా?

ఎజ్రా_అల్మరా
చాలు. చెత్త మంటల మాట రాసింది దావీదు కింహి, సుమారు 1200 ప్రాంతంలో, ఫ్రాన్స్ దక్షిణాన ఉండి, 27వ కీర్తన వ్యాఖ్యానంలో. రోమా కాలపు చెత్తకుప్ప తవ్వకాల్లో దొరికింది గానీ అది తూర్పు వైపు, కిద్రోను లోయలోకి దిగే వాలులో. హిన్నోము పక్కన దొరికింది ఇంకా గొప్పది. కెతెఫ్ హిన్నోము అనే చోట 1979లో గాబ్రియేల్ బర్కాయ్ తవ్వకంలో రెండు చిన్న వెండి రేకు చుట్టలు బయటపడ్డాయి, తాయెత్తుల్లా వేసుకునేవి. విప్పితే లోపల యాజకుల ఆశీర్వాదం, సంఖ్యాకాండం 6వ అధ్యాయంలోది. "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక." బైబిల్ మాటలు రాసి ఉన్న వస్తువుల్లో ఇప్పటిదాకా దొరికినవాటిలో అన్నిటికన్నా పాతవి, బబులోను చెర నాటివో అంతకు ముందువో. పిల్లల్ని అగ్నిలో దాటించిన లోయ అంచున సమాధిలో ఆ ఆశీర్వాదం! చెత్త కథ చెప్పేబదులు ఇది చెప్పరేం?

సండేస్కూల్_మేరీ
ఒళ్లు జలదరించింది.

డాలస్_సుధ
ఇక్కడ మా పక్కింటివాళ్లు యూదులు, ఒకసారి పస్కా భోజనానికి పిలిచారు. వెళ్లే ముందు నేను విన్నదేంటంటే బల్ల మీద మూడు పులియని రొట్టెలు త్రిత్వానికి గుర్తని, అది వాళ్లకు తెలియకుండానే చేస్తున్నారని. అక్కడ కూర్చుని వాళ్ల ఇంటి పెద్దాయన ఒక్కో రొట్టె గురించి మనవలకు చెప్తుంటే, ఆ మాట ఆయనతో అనడానికి నాకు మనసు రాలేదు. ఇంటికొచ్చి చూశాను. మిష్నా పెసహీమ్ 10లో నాలుగు గిన్నెల ద్రాక్షారసం ఉంది, రొట్టె, చేదు కూర, పస్కా గొర్రెపిల్ల ఎందుకో చెప్పాలన్న రబ్బీ గమలీయేలు మాట ఉంది. మూడు రొట్టెలు అని లేదు. వాళ్ల ఆచారాన్ని మనకు కావల్సినట్టు వంచేటప్పుడు వాళ్లు ఎదురుగా కూర్చుని ఉన్నారనుకుని మాట్లాడాలి అని నా అభిప్రాయం.

గుంటూరు_రూతు
ఎదురుగా అంటే డాలస్ దాకా ఎందుకు సుధక్కా. మా జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ కుటుంబాలు ఉన్నాయి, తాము ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని చెప్తారు, సబ్బాతు పాటిస్తారు, సమాజమందిరం ఉంది. తెలుగులో మాట్లాడుకునేవాళ్లే. మన యూట్యూబ్ ప్రసంగాలు వాళ్లూ వింటారు కదా.

వేదం_ఇంటి_కుర్రాడు
నేను మీ విశ్వాసం వాణ్ణి కాదు, చదువుతున్నాను అంతే. మా తాతగారు ఘనపాఠి. పుస్తకం లేకుండా అక్షరం తప్పకుండా తరతరాలుగా నిలబెట్టడం మా ఇంట్లో చూసిందే, కాబట్టి నోటి మాట అనగానే నమ్మలేం అనే వాదన నాకు నచ్చదు. యూదుల్లో కూడా అలా కంఠస్థం చేసేవాళ్లు ప్రత్యేకంగా ఉండేవాళ్లా?

మిష్నా_చదువరి
ఉండేవాళ్లు. మిష్నా బోధకులను తన్నాయీమ్ అంటారు, తర్వాత కాలంలో అదే పేరుతో పాఠశాలల్లో కంఠస్థం చేసి ఒప్పజెప్పేవాళ్లు ఉండేవాళ్లు. నోటితో వచ్చినదాన్ని రాసి చెప్పకూడదు అని గిత్తీన్ 60లో ఉంది. కానీ మీ తాతగారిలా అక్షరం, స్వరం అంత కట్టుదిట్టం కాదు. ఎవరన్నారో, ఎవరు ఒప్పుకోలేదో అది మాత్రం జాగ్రత్తగా నిలబెట్టారు. అందుకే ఆలయం పోయి 130 ఏళ్లయ్యాక కూర్చిన మాటలు కాబట్టి అన్నీ కళ్లతో చూసినట్టే అనుకోకూడదు. వాళ్లకే తెలుసు ఆ సంగతి. ఆలయపు తెర బెత్తెడు మందం అని, దాన్ని కడగడానికి 300 మంది యాజకులు కావాలని మిష్నాలో ఉంటే, 300 అన్నది అతిశయోక్తి అని తల్మూదే చెప్తుంది.

నల్గొండ_సేవకుడు
తెర బెత్తెడు మందం అనేది కూడా నేను చెప్తుంటాను :) అది మిష్నాలో ఉన్నదే అన్నమాట, వదలను.

ఇప్పుడు నా ప్రశ్న. ఎర్ర నూలు సంగతేంటి? ప్రాయశ్చిత్త దినాన జనం పాపాలు మోపి అరణ్యంలోకి పంపే మేకకు కట్టిన ఎర్ర నూలు తెల్లబడేదని, ప్రభువు సిలువ వేయబడ్డ సంవత్సరం నుంచి ఆలయం కూలేదాకా 40 ఏళ్లు తెల్లబడలేదని. ఇది కూడా 13వ శతాబ్దమేనా?

మిష్నా_చదువరి
కాదు, ఇది ఉంది. బబులోను తల్మూదు, యోమా 39. ఆలయం నాశనానికి ముందు 40 ఏళ్లు నాలుగు జరిగాయని రాశారు: రెండు మేకల మీద వేసే చీట్లలో యెహోవా పేరున పడాల్సిన చీటీ యాజకుడి కుడిచేతికి రాలేదు, ఎర్ర నూలు తెల్లబడలేదు, పడమటి దీపం నిలిచి వెలగలేదు, ఆలయం తలుపులు వాటంతటవే తెరుచుకునేవి. రాసింది మనవాళ్లు కాదు, కాబట్టి నాకు కూడా ఆ పేజీ దగ్గర గుండె వేగం పెరుగుతుంది. అయితే ఆ పేజీ మొత్తం చెప్పాలి. అక్కడ యేసు ప్రస్తావన లేదు. నీతిమంతుడైన సీమోను అనే ప్రధాన యాజకుడి 40 ఏళ్లలో ఎప్పుడూ తెల్లబడేదని, ఆయన తర్వాత ఒకసారి తెల్లబడేది ఒకసారి కాదు అని ముందే ఉంది. ఆలయం ఎందుకు కూలిందన్నదానికి వాళ్లు చెప్పే కారణం అదే గ్రంథంలో 9వ పేజీలో ఉంది, కారణం లేకుండా ఒకరినొకరు ద్వేషించుకోవడం.

బెరయ_బిడ్డ
30 నుంచి 70 దాకా 40 ఏళ్లు. కాకతాళీయం అంటారా?

మిష్నా_చదువరి
నేను విశ్వాసిని, నేనేమనుకుంటానో మీకు తెలుసు. కానీ "తల్మూదు కూడా యేసును ఒప్పుకుంది" అని మాత్రం అనను. తల్మూదు ఇది చెప్పింది, దీన్ని నేను ఇలా చూస్తున్నాను అని రెండుగా చెప్తాను.

శారోను_పుష్పం
ఆ మేక గురించే నాకు ఇంకో సందేహం. లేవీయకాండంలో అరణ్యంలో వదిలేస్తారు కదా, కొండ మీద నుంచి తోసేసేవాళ్లని ఎక్కడో చదివాను.

ఎజ్రా_అల్మరా
మిష్నా యోమా 6. వాక్యంలో వదిలిపెట్టడమే. మిష్నా చెప్పేది రెండో ఆలయం రోజుల్లో చేసిన పద్ధతి, దారి పొడవునా పందిళ్లు, ప్రతి పందిరి దగ్గరా మేకను తోలుకెళ్లేవాడికి "ఇదిగో అన్నం, ఇదిగో నీళ్లు" అని చెప్పడం, చివరికి కొండ అంచున ఎర్ర నూలును రెండుగా చేసి సగం రాతికి, సగం కొమ్ములకు కట్టి వెనక్కి తోసెయ్యడం. మేక ఊళ్లోకి తిరిగొస్తే ఎలా అన్న భయంతో అలా మారిందని కొందరు పండితులు అనుకుంటారు. బబులోను నుంచి వచ్చిన జనం దాని జుట్టు పీకుతూ "తీసుకుపో, తీసుకుపో" అని అరిచేవాళ్లట, వాళ్ల బాధ పడలేక దానికి వేరే నడవ కట్టారు.

నల్గొండ_సేవకుడు
"తీసుకుపో, తీసుకుపో"... ఇది మా వాళ్లకు చెప్తే ఇంకేమీ వివరించక్కర్లేదు. ఇది తెలుగులో ఎక్కడైనా దొరుకుతుందా?

మిష్నా_చదువరి
ఇంగ్లీషులో సెఫారియా అనే సైట్లో ఉచితం, హీబ్రూ పక్కనే అనువాదం. యోమా 8 అధ్యాయాలే. మొదటి 7 ఆలయంలో జరిగే పని, 8వది ఉపవాసం, పశ్చాత్తాపం. చివర్లో ఒక మాట ఉంది: మనిషికీ దేవునికీ మధ్య పాపాలకు ప్రాయశ్చిత్త దినం ప్రాయశ్చిత్తం చేస్తుంది, మనిషికీ మనిషికీ మధ్యవాటికి మాత్రం ఆ మనిషిని సమాధానపరచేదాకా చెయ్యదు. మత్తయి 5:23, 24 పక్కన పెట్టుకుని చదవండి సిస్టర్, మీ కూడికకు అదే సరిపోతుంది.

శారోను_పుష్పం
సరిపోతుంది బ్రదర్. మొదటి నాలుగు అధ్యాయాలు నేను తెలుగులో రాసి ఇక్కడే పెడతాను, 5 నుంచి ఎవరైనా తీసుకుంటారా?

ఎజ్రా_అల్మరా
5, 6 నేను.

నల్గొండ_సేవకుడు
7 నాకివ్వండి, విందు అందులోనే కదా ఉంది.